మామ బావి దాకా, నడుముకు సంచితో

చిత్తూరు నుంచి సత్యవేడు పోవడాన్ని మా వీధిలో ఎవరూ యాత్ర అనరు. పొద్దున చద్ది తిని బస్సెక్కితే మధ్యాహ్నం సంగటి వేళకు దిగిపోవచ్చు. నాకు రెండు రోజులు పట్టింది. కడుపు మీద ఎడమ పక్కన డాక్టర్లు తెరిచిన దారి, దానికి తగిలించిన సంచి ఉన్న మనిషికి పక్క ఊరు కూడా దూరమే. అలాంటి ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రికి తప్ప గడప దాటనివాళ్ళను ఆసుపత్రి వరండాలో కొందరిని చూశాను. వాళ్ళ పేర్లు నేను అడగలేదు, నా పేరు వాళ్ళు అడగలేదు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందుగా యంత్రం సంగతి

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, మామిడి గుజ్జు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరినవాణ్ణి. అందుకని భాగాల గురించి చెప్పడం నాకు సులువు. పెద్దపేగు చివర ముదిరిన పుండును కోసేసి, మిగిలిన కొసను కడుపు మీదికి తెచ్చి కుట్టారు. అది రూపాయి బిళ్ళంత ఉంటుంది, ఎర్రగా, తడిగా. ముట్టుకుంటే నొప్పి తెలియదు. దాని చుట్టూ రబ్బరు వలయం, వలయానికి పాలిథీన్ సంచి, రెండింటినీ పట్టి ఉంచడానికి నడుముకు బెల్టు. పొద్దున్నే ఎనిమా డబ్బాను మేకుకు తగిలించి, గొట్టంతో గోరువెచ్చని నీళ్ళు లోపలికి పంపి పేగును కడుక్కోవాలి. సరిగా కడిగితే రోజంతా సంచి దాదాపు ఖాళీగానే ఉంటుంది. గాలి మాత్రం దాని ఇష్టం. చప్పుడును ఆపే కండరం అక్కడ లేదు.

ఆపరేషనప్పుడు నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళలో దుప్పటి ఎత్తి చూసింది చెంగల్రాయుడు మామ ఒక్కడే. మా అమ్మకు తమ్ముడు, సత్యవేడు పక్క పల్లెలో మామిడి తోట, బావి ఉన్నవాడు. ఆ బావిలోనే నా వీపుకు బెండు కట్టి తోసి ఈత నేర్పినవాడు. బాగా పరికించి చూసి అన్నాడు:

"ఇంతేనా అల్లుడా? మోటరుకు ఫుట్‌వాలు మార్చినట్టే గదా. కుట్లు మానినాంక వచ్చి బావిలో దూకు. ఫుట్‌వాలు ఉండేదే నీళ్ళలో ఉండేదానికి."

పక్క మంచం మనిషి కూడా నవ్వాడు. తర్వాత కుట్లు మానాయి. ఫ్యాక్టరీలో మాత్రం కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. ఈసారి మామిడి సీజనుకు పోదామనుకుంటూ ఉండగా, తోటలో నీళ్ళు కడుతూ మామ గుండె పట్టుకుని కూలిపోయాడని కబురు వచ్చింది. అమ్మా నాయనా ఆ రాత్రే వెళ్ళారు. నన్ను రావద్దన్నారు. పెద్దకర్మకు కూడా రావద్దని, జ్వరమని చెబుతామని అమ్మ మనిషి చేత చెప్పి పంపింది.

కారణం నాకు తెలుసు. ఆ పల్లెలో పెద్దకర్మ రోజు దగ్గరివాళ్ళలో మగవాళ్ళందరూ చొక్కాలు విప్పి, చనిపోయినవాడి బావిలోనే మునగాలి. అప్పుడే చావు మైల పోతుంది. అందరి ముందూ నేనెలా విప్పేది? విప్పినా, ఆ సంచి ఊడి నా మలం మామ బావిలో కలిస్తే?

రెండు రోజులు ముందుగానే బయలుదేరాను. దిగుతానో లేదో అప్పటికి తెలియదు.

పూతలపట్టు దాటాక

చిత్తూరు బస్టాండులో మామిడికాయల బుట్టలెక్కించే జనం మధ్య కిటికీ పక్క సీటు సంపాదించాను. పక్కన ఒక మండీ వ్యాపారి కూర్చుని, కాళ్ళ మధ్య బేనీషా మామిడిపండ్ల బుట్ట పెట్టుకున్నాడు. తిరుపతిలో కూతురికట. పూతలపట్టు దాటాక, గతుకుల దగ్గర, నా సంచిలోకి గాలి వచ్చింది. చప్పుడు ఇంజన్ మోతలో కలిసిపోయింది. వాసన కలవలేదు.

ఆయన ముక్కు ఎగరేసి, వంగి బుట్ట మీద గడ్డి తీశాడు. ఒక్కో పండే ఎత్తి వాసన చూడ్డం మొదలుపెట్టాడు.

"యాడనో వొకటి కుళ్ళినట్టుండాది అబ్బా. నిన్ననే ఏరి పెట్టినానే."

"ఎండకు అట్లే అవుతాయి అన్నా," అన్నాను.

అన్నిటినీ చూశాడు. కుళ్ళింది దొరకలేదు. తన సరుకును అనవసరంగా అనుమానించినందుకో ఏమో, ఒక మంచి పండు తీసి నా చేతిలో పెట్టాడు. "తిను అప్పా. ఇట్లాటి పండు తిరుపతిలో రూపాయి ఇచ్చినా దొరకదు." మామిడిపండు తింటే రేపు ఏమవుతుందో నాకు తెలియదు. తినకుండా చంద్రగిరి దాకా అరచేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఆయన మధ్యమధ్య బుట్ట వైపు దిగులుగా చూస్తూనే ఉన్నాడు.

తిరుపతి: గడియ ఉన్న గది

తిరుపతి మీదుగా పోవడానికి కారణం దేవుడు కాదు. ఈ చుట్టుపక్కల స్నానాలగది లోపలే ఉండి, తలుపుకు గడియ ఉండే గదులు అద్దెకు దొరికేది ఆ ఊళ్ళోనే. పన్నెండు రూపాయలు. గుమాస్తా పుస్తకంలో పేరు రాసుకుంటూ, "కొండకు పొద్దున్నే పోతారా?" అన్నాడు. పోనన్నాను. ఆయన తలెత్తి చూశాడు. ఆ ఊరికి వచ్చి కొండకు పోనివాడంటే పోలీసో అప్పులవాడో అయివుండాలి.

గుడికి పోవచ్చా, కూడదా అనే ప్రశ్నకు ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితంలో జవాబు లేదు. ఎవరినీ అడగలేదు. అందరి కడుపుల్లోనూ ఉన్నదే నాకు బయట ఉందని వాదించవచ్చు. వాదన సరైనదే. కాళ్ళు మాత్రం కదల్లేదు.

సాయంత్రం వీధుల్లో తిరిగాను. చిత్తూరులో కోర్టు దగ్గర బెంచీ మీద కూర్చుంటే, ఎవరబ్బాయివి, ఎందుకు చిక్కిపోయావని అడిగేవాళ్ళు గంటకొకరైనా ఉంటారు. ఇక్కడ గుండు చేయించుకుని తలకు గంధం పూసుకున్న మనుషులు, తడి బట్టల్లో ఉన్న మనుషులు, ఒకరి ఒళ్ళు ఒకరికి పట్టదు. నాలుగు ఇడ్లీలు తిన్నాను, చట్నీ వదిలేశాను. నాకు తిండి రుచిని బట్టి కాకుండా మర్నాడు జరగబోయేదాన్ని బట్టి విభజన అయిపోయింది: ఉల్లిపాయ కూడదు, మునక్కాయ కూడదు, వేరుసెనగ పచ్చడి కూడదు. రాయలసీమవాడికి ఇంకేం మిగులుతుంది?

తర్వాత మూలికలు అమ్మే అంగడికి వెళ్ళాను. వలయం కింద చర్మం ఒరిసి పుండు పడకుండా ఆసుపత్రిలో ఒక విదేశీ డబ్బాలోని పొడి చల్లేవారు. తడి తగిలితే అది జిగురై అంటుకుంటుంది. ఆ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే, ఆ జిగురు మన అడవుల్లో తపసి చెట్టుకు కారేదేనని తెలిసింది. ఈ కొండల్లో ఏరింది ఓడెక్కి పోయి, డబ్బాలో తిరిగి వస్తోంది.

"తపసి బంక గావాల్నా? ఎవురికప్పా?" అన్నాడు అంగడాయన.

"మా అక్కకు. బాలింత."

"బాలింతకు తుమ్మ బంక పెడతారు గాని, ఇదెవురు సెప్పినారు? ఇది కడుపులోకి పోతే ఉబ్బుతాది."

"కడుపు మీదకే," అనేశాను. ఆయన అర్థం కాకపోయినా కాగితం పొట్లం కట్టాడు.

పుత్తూరు బస్సులో

పుత్తూరు పక్కన ఎముకలు విరిగినవాళ్ళకు కట్టు కట్టే ఊరుంది. ఆ దారి బస్సులో సగం మందికి వెదురు బద్దలు, గుడ్డ పట్టీలు, కోడిగుడ్డు సొన వాసన. చేతులు మెడకు వేలాడేసుకుని, కాళ్ళు నడవలో చాపుకుని, ఎక్కడ పడ్డారో ఎలా పడ్డారో గర్వంగా చెప్పుకుంటున్నారు. చింతచెట్టు మీది నుంచి పడినవాడు ట్రాక్టరు మీది నుంచి పడినవాడికంటే ఎత్తులో ఉన్నట్టు మాట్లాడుతున్నాడు.

భుజానికి కట్టు ఉన్న ఒక పెద్దాయన నా చెయ్యి కడుపు మీదే ఉండడం చూశాడు.

"నీకేడ ఇరిగింది అబ్బా?"

"కడుపు."

"కడుపు ఇరుగుతాదా!" వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు. "ఒరే, ఈ అబ్బికి కడుపు ఇరిగిందంట!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. అందరి ముందూ విప్పి చూపించగల నొప్పి ఉన్నవాళ్ళను చూసి నాకు అసూయ కలిగింది. వాళ్ళ కట్లు ఆరు వారాల్లో విప్పేస్తారు.

కైలాసకోన: పరీక్ష

పుత్తూరు నుంచి ఇంకో బస్సు, తర్వాత కొంత నడక. కైలాసకోనలో మంచి ఎండాకాలంలో కూడా కొండ మీది నుంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి. బావి కంటే ముందు పారే నీళ్ళలో పరీక్ష చెయ్యాలనుకున్నాను. ఏది ఊడినా అది బావిలోకి పోదు, చూసేవాళ్ళూ తక్కువ.

బంక గడ్డ ఒకటి రాయితో నూరి, ఆ పొడి చల్లి, వలయం అదిమి, బెల్టు బిగించి, ఒక బండ చాటున ధార అంచున నిలబడ్డాను. నెలల తర్వాత నెత్తి మీద చన్నీళ్ళు. కొంచెంసేపు బాగుంది. ఆ తర్వాత వేలికి ఏదో జారుడుగా తగిలింది. అంగడాయన చెప్పినట్టే బంక నీళ్ళు పీల్చి ఉబ్బింది. గంజిలాగా మెత్తబడి, వలయం కింది నుంచి బయటికి వచ్చేసింది. వలయం పక్కకు జరిగింది. అది బావి అయివుంటే?

బండ మీదికి వచ్చి చూస్తే ఇంకో సంగతి. నా చేతిసంచి తెరిచి ఉంది. బంక పొట్లం, మడిచి పెట్టుకున్న పాలిథీన్ సంచుల కట్ట ఒక కోతి చేతిలో ఉన్నాయి. అరిచాను. అది కొండచరియ మీద కూర్చుని బంక గడ్డను తీరిగ్గా కొరికింది. ఇష్టపడి ఇంకోటి కొరికింది. సంచులను ఒక్కొక్కటిగా విదిలించి గాలికి వదిలేసింది. తడి గుడ్డలతో, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, కోతి కేసి రాయి విసురుతున్న డిప్లొమా హోల్డరును ఎవరూ చూడలేదు. అంతవరకు అదృష్టమే.

ఒంటి మీద ఉన్న ఒక్క సంచి మిగిలింది. తిరిగి పోదామని బస్సు దాకా నడిచాను. వచ్చిన మొదటి బస్సు సత్యవేడు వైపుది.

మామ ఇల్లు

నన్ను చూడగానే అమ్మ ఏడవలేదు, కోప్పడింది. "జొరమని అందురికీ సెప్పినాం గదరా!" నాయన నన్ను పక్కకు తీసుకుపోయి మెల్లగా అన్నాడు: "వచ్చింది వచ్చినావు. రేపు బావి కాడికి రావద్దు. తొట్టి కాడ నాలుగు చెంబులు పోసుకో, సాలు."

అత్త లోపలి గదిలో మూల కూర్చుని ఉంది. మొగుడు పోయిన ఆడది పెద్దకర్మ దాకా ఆ మూల దాటకూడదు. ఒంటి మీద పెళ్ళినాటి ఎర్రచీర, చేతుల నిండా కొత్త గాజులు, అరచేయంత బొట్టు. చివరి రోజుకు ముందు అన్నీ నిండుగా పెడతారు, మర్నాడు తీసేయడానికి. వచ్చిన ఆడవాళ్ళంతా గడప దగ్గర నిలబడి ఆమెను చూసి ఏడ్చి పోతున్నారు.

వాళ్ళు పల్చబడ్డాక నన్ను పిలిచింది.

"రత్నం, ఆస్పత్రిలో మీ మామ నీతో ఏమన్న్యాడు?"

"కుట్లు మానినాంక బావిలో దూకమన్న్యాడు అత్తా."

"మానినాయా?"

"మానినాయి."

"మరి దూకు."

"రేపు అందురూ ఉంటారు. సొక్కా ఇప్పితే..."

ఆమె నవ్వింది. ఆ ఇంట్లో ఆ రోజు నవ్వింది ఆమె ఒక్కతే. "పిచ్చోడా. రేపు అందురూ వచ్చేది నన్ను సూసేదానికిరా. నిన్నెవురు సూస్తారు?"

అప్పుడు అసలు భయం చెప్పాను. సంచి ఊడితే బావి చెడుతుందన్నాను.

"ఊళ్ళో పిల్లోళ్ళకంతా మీ మామ ఆడనే ఈత నేర్పించినాడు. తోసినప్పుడు బయంతో ఎంతమంది ఏమేమి వదిలినారో ఆ బావికే తెలుసు. అయినా నువ్వు సదువుకున్నోడివి. ఊడకుండా కట్టుకోలేవా?"

గాజుల చేత్తో ట్రంకుపెట్టె చూపించింది. మామ బట్టలన్నీ మర్నాడు చాకలికి ఇచ్చేస్తారు. వాటి అడుగున మామ దట్టి ఉంది. బరువులెత్తేటప్పుడు నడుముకు చుట్టుకునే ముతక గుడ్డ, నాలుగు మూరలు. "తీసి పెట్టుకో. అడిగితే నేను సెప్పుకుంటా," అంది.

ఆ రాత్రి ఏమీ తినలేదు. తెల్లవారకముందే, మామిడికాయలు మాగేసే గదిలో ఎనిమా డబ్బాను దూలం మేకుకు తగిలించి, నీళ్ళు స్వచ్ఛంగా తిరిగి వచ్చేదాకా కడుక్కున్నాను. సంచి తీసేశాను. ఆ చోట మెత్తటి గుడ్డ, దాని మీద మామ కొట్టంలో దొరికిన పాత సైకిలు ట్యూబు ముక్క, దాని మీద దట్టి. ఊపిరి బిగబట్టి చుట్టాను. పంచె దాని మీదికి కట్టాను.

బావి

ఎండ బావి గోడ సగం దాకా దిగింది. మోటరు ఆపేశారు. మగవాళ్ళు ఒక్కొక్కరే మెట్లు దిగి మునిగి, వణుకుతూ పైకి వస్తున్నారు. నేను తొట్టి దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు అత్తను తీసుకొచ్చారు. ఇద్దరు ముసలి ఆడవాళ్ళు రెండు రెక్కలు పట్టుకున్నారు. గట్టు మీద జనం మొత్తం ఆ వైపు తిరిగింది. చెట్టెక్కిన పిల్లలు కూడా. వెనకవాళ్ళు మునివేళ్ళ మీద నిలబడ్డారు. ఆమె చెప్పినట్టే జరిగింది. నాకు అడ్డు దొరికింది, ఆమె పరువు ఖర్చుతో. ఆ సంగతి తెలిసి కూడా చెంబు కింద పెట్టి, చొక్కా విప్పి, అవతలి పక్క మెట్లు దిగాను.

నీళ్ళు నడుముకు తగలగానే ఆగాను. దట్టి తడిసి ఇంకా బిగుసుకుంది. మునిగాను. మొదట ఎడమ చెయ్యి కడుపు మీదే అదిమి కుడి చేత్తోనే ఈదాను, గుండ్రంగా తిరిగిపోయాను. ఒక చేత్తో ఈదేవాడు ఎక్కడికీ పోడు. రెండో చెయ్యి తీశాను. కుట్టిన చోట లాగింది. ఏదీ ఊడలేదు. నాలుగు బారల్లో ఎదుటి గోడ చేతికి తగిలింది. మామ బెండు కట్టి తోసినప్పుడు నేను పట్టుకుని ఏడ్చిన రాయి అదే.

పైన రాయి మీద గాజులు పగిలిన చప్పుడు వినిపించింది. ఏడుపులు ఒక్కసారిగా లేచాయి. రెండు గాజు ముక్కలు నాకు దగ్గర్లోనే నీళ్ళలో పడ్డాయి. తలెత్తి చూశాను. అందరి వీపులు కనిపిస్తున్నాయి. వాళ్ళ మధ్య, నుదురు చెరిపేసిన అత్త ముఖం బావిలోకి తిరిగి ఉంది. ఊరంతా ఆమెను చూస్తుంటే, ఆమె నన్ను చూస్తోంది. నేను ఇంకోసారి మునిగి, అవతలి గోడ దాకా ఈది చూపించాను.

పంక్తి

పైకి వచ్చేసరికి ఒక దాయాది పెద్దమనిషి తల తుడుచుకుంటూ నా నడుము చూశాడు.

"జొరమన్న్యారే? దట్టి కట్టుకోని దిగినావేందిరా?"

"కడుపు కోసినారు తాతా. సంచి ఉండాది ఈడ. దొడ్డికి దాంట్లోనే." బయటివాళ్ళకు నేను చెప్పడం అదే మొదలు.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. భోజనాలప్పుడు నా విస్తరి పంక్తి చివర వేశారు. నాకూ పక్కవాడికీ మధ్య ఇంకో విస్తరి పట్టేంత జాగా ఉంది. వడ్డించేవాళ్ళు ఎత్తు నుంచి వేశారు. అన్నం, చారు మాత్రమే తిన్నాను. వడలు వదిలేశాను. నాయన పంక్తి మధ్యలో తల వంచుకుని తిన్నాడు, నా వైపు చూడలేదు.

సాయంత్రం మోటరు వేసి బావి నీళ్ళన్నీ తోటలోకి తోడేశారు. కర్మ స్నానాలయ్యాక తోడెయ్యడం అక్కడి ఆచారమేనట. ఎవరి మైల కోసం తోడారో నేను అడగలేదు.

తిరుగు ప్రయాణం

నాలాంటివాళ్ళకు పనికొచ్చేవి మూడు: ముందు రోజు ఉపవాసం, పొద్దున బాగా కడగడం, నీళ్ళలో బంకను నమ్మకపోవడం. కోతుల సంగతి అందరికీ తెలిసిందే. ఈదవచ్చు. ఆ తర్వాత పంక్తిలో ఎక్కడ కూర్చోబెడతారో మాత్రం నేను చెప్పలేను.

మర్నాడు బయలుదేరేటప్పుడు గడప దగ్గర నిలబడి పిలిచాను. "అత్తా, పోయొస్తా. వొకసారి బయటికి రా."

అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పయనమయ్యే మనిషికి కొత్తగా ముండమోసిన ఆడది ఎదురు రాకూడదు.

"వొద్దు రత్నం," లోపలి నుంచి అత్త గొంతు. "బస్సు పోతాది, బిన్నా పో."

"నువ్వు ఎదురొస్తేనే పోతా."

ఆమె రాలేదు. చాలాసేపు నిలబడ్డాను. అమ్మ గొణుగుతూనే ఉంది. చివరికి పక్క కిటికీ తలుపు తెరుచుకుని, ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. నేను తడిగా విప్పి వదిలేసిన మామ దట్టి, ఉతికి ఆరేసి మడిచి, ఆ చేతిలో ఉంది.

కిటికీకి ఎదురుగా పోయి నిలబడి తీసుకున్నాను. మణికట్టు చుట్టూ, ఇన్నేళ్ళు గాజులున్న చోట, చర్మం పాలిపోయి, కొంచెం నొక్కుకుపోయి ఉంది. పొద్దున బెల్టు విప్పినప్పుడు నా నడుము చుట్టూ కనిపించే గుర్తు కూడా అట్లాగే ఉంటుంది.